మూడు కిలోల ఏడు వందలు

ఖాజా ఆటోల కెళ్లి దించిండు:
పగిలిన టీవీలు నాలుగు, గిన్నె లేని మిక్సీ,
ఏదో ఆఫీసు వేలంపాటల ఒచ్చిన ప్రింటర్లు.
అన్నిటి కింద, గోనెసంచిల,
మీగడ రంగు పెట్టె.

వీరన్నపేట షెడ్డుల నా పని ఇప్పుడం.
రాగి ఒక గంపల, ఇత్తడి ఒక గంపల,
ఆకుపచ్చ పలకలు పట్నం పోయే మూటల.
ప్లాస్టిక్కుకు రేటే లేదు.
స్క్రూడ్రైవరు నాకు ఆరో వేలు,
ఎసొంటి పెట్టెనైనా చాయ తాగేలోపు ఇప్పి పెడ్త.

దీన్ని మాత్రం ఇప్పలే.
పై వరుసల ఎర్రటి మీటలు,
చాట మీద మిరపపండ్లు ఆరబోసినట్టు.
ఆ ఎరుపు నాకెరుకే.

ఎనిమిదో తరగతిల మా బడికి ఒచ్చింది ఇట్లాంటిదే, ఒక్కటి.
దానికొక గది, గదికొక తాళం,
తాళానికి నరహరి సారు.
దాని మీద సారు భార్య అల్లిన పూలగుడ్డ.
చెప్పులు బయట ఇడ్సి రావాలె అన్నడు.
నాకు చెప్పులే లేకుండె.
గడప కాడ ఏం ఇడ్వాల్నో తెల్వక
కాళ్లు లంగకు తుడుసుకున్న.
"పదో నంబరు దాక లోపలికి.
మిగిలినోళ్లు కిటికీల కెళ్లి సూడుండ్రి."
నాది నలభై మూడు.
ఊచల నడుమ నాకు దొరికినయి
నాలుగు ఎర్ర మీటలు, పద్మజ రిబ్బను,
నల్ల తెర మీద సన్నటి తెల్ల గీత:
ఉంటది, పోతది,
ఉంటది, పోతది.

ఆ వానకాలమే సీడుపత్తికి పోయిన,
పువ్వు పువ్వుకు పుప్పొడి అద్దే పనికి.
వేళ్లు సన్నగున్నయని కూలి అర్ధ రూపాయి ఎక్కువిచ్చిండ్రు.

సేటు నమాజుకు పోయిండు.
ఖాజా పాత టీవీకి వైరు కలిపిండు.
స్విచ్చి ఏస్తే ఒక పొడుగు మోత, ఎంబడే ఒక పొట్టి మోత,
ఎవరో గొంతు సవరిచ్చుకున్నట్టు.
గీత ఒచ్చింది.
నిమిషం గడ్వలే,
లోపల టప్పుమని పేలింది.
తెల్లటి పొగ, మాడిన చేపల కంపు.
ఖాజా రోడ్డు మీద తేలిండు.
ప్లగ్గు పీకపోయి, ఆగిన.
పొగలకెళ్లి అది అట్లనే ఉన్నది:
ఉంటది, పోతది.

నాకొచ్చిన ఇంగ్లీషు నా పేరు వరకే.
పొక్కిన గోరుతోని ఒక్కొక్కటి ఎతుక్కుంట కొట్టిన,
ఒక్క ఏ అక్షరాన్నే మూడుసార్లు.
బాలమణి.
కింద ఏదో రాసింది.
ఖాజా దగ్గరికొచ్చి చదివిండు:
"మిస్టేక్ అంటున్నదక్కా."

నవ్వొచ్చింది నాకు.
ముప్పై ఏడేండ్లాయె,
అది నాతోని అన్న మొదటి మాట.

ఖాజా ఫోనుల చూసి చెప్పిండు:
"ఒట్టి పేరు ఇస్తే తీసుకోదంట.
పక్కన బరాబర్ గీతలు రెండు పెట్టి
ఎంతనో చెప్పాల్నంట."

ఎంత?
ఈ షెడ్డుల అన్నిటి ఎంత నా నాలిక మీదుంటది,
పొద్దటి రాగి రేటు, మాపటి రాగి రేటు,
సీసం, తగరం, తుక్కు ఇనుము.
బాలమణి ఎంత?
మీటల మీద వేలు పెట్టి నిలవడ్డ.
ఖాజా గుటకేసిండు, ఏం అనలే.

నాలుగు కొట్టిన. మూడు కొట్టిన.

ఈసారి తప్పనలే, ఒప్పనలే.
గీత ఒక మెట్టు దిగి
నా కోసమే అన్నట్టు కూసున్నది.

"స్విచ్చి తీస్తే అంతా మర్చిపోతదక్కా" అన్నడు ఖాజా.

సేటు ఒచ్చిండు.
ఏం కంపు ఇది అన్నడు. టీవీ అన్న.
ఆ పెట్టె ఎంత తూగింది?
మూడు కిలోల ఏడు వందలు, అంతా ప్లాస్టిక్కే, రేటు రాదన్న.
మరెందుకు కరెంటు దండుగ, తీసెయ్ అన్నడు.

తీస్త, తీస్త అనుకుంట
రాగి వైర్ల తోలు ఒలుస్తున్న,
వీపు తెర దిక్కు పెట్టలే.